వినబడే చదువు

బట్టలు కుట్టే మిషనావిడ కూతురు పసితనంలో ఇంటి మెట్ల మీంచి దొర్లి పడిందనీ, తలలోపల ఎక్కడో దెబ్బ తగిలిందనీ, అందుకే ఎంత చదివినా ఆ పిల్లకు ఏదీ నిలవదనీ బడిలో అందరూ నమ్మేవారు. ఎన్ని మెట్లన్నది మాత్రం చెప్పే మనిషిని బట్టి మారేది. ఆయా నాలుగైదు మెట్లనేది. లెక్కల టీచరు నిలువునా ఒక అంతస్తు అనేది. పడ్డాక పిల్ల ఏడవనే లేదనీ, అదే చెడ్డ గుర్తనీ కూడా కొందరికి తెలుసు. ఇలాంటి నమ్మకంలో ఒక సౌకర్యం ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్ళు ఇంకే కారణమూ వెతకనక్కరలేదు.

శనివారం మధ్యాహ్నం సైన్సు మాస్టారు మిషనావిడను బడికి పిలిపించారు. ఆయన కఠినుడు కాదు. ఆమెకు కుర్చీ చూపించి, ఆమె కూర్చునేదాకా తానూ నిలబడే ఉన్నారు.

"ఈసారీ తప్పిందమ్మా. పద్నాలుగు రావాలి, ఆరు వచ్చాయి. ఒక జవాబైతే క్లాసులో చదివి వినిపించాను. పిల్లలు ఒకటే నవ్వు. నేను చదవకుండా ఉండాల్సింది."

ఆమె చేతిసంచిని ఒడిలో సర్దుకుంది.

"శుక్రవారం ఇంకొక్క పరీక్ష పెడతాను. అదీ పోతే కింది తరగతిలో కూర్చోవాలి. లేదంటే ఇంకో దారి ఉంది. ఆ దెబ్బ సంగతి నేను రెండు ముక్కలు రాసి పెడతాను, మీరు సంతకం చేయండి. పరీక్ష లేకుండానే ఈ తరగతిలోనే ఉంచుతాం. కాకపోతే ఆ మాట పిల్ల రికార్డులో ఉండిపోతుంది. పరీక్ష రాసి తప్పాక మాత్రం వచ్చి అడిగితే కుదరదు. ముందే తేల్చుకోవాలి."

"శుక్రవారం వచ్చి చెబుతాను సార్" అంది ఆమె.

బడి గేటు దగ్గర ఎవరో పిల్లలు "ఏయ్ సముద్రం!" అని అరిచారు. కూతురు తల తిప్పలేదు. ఆ పేరు ఎందుకొచ్చిందో తల్లికి తెలియదు. పిల్లలు ఏదో ఒకటి అంటూనే ఉంటారనుకుంది. వీధి మలుపు తిరిగాక కూతురు అంది:

"అమ్మా, కిందికి దింపితే నేను బడికి పోను. గుండీలు కుడతాను. గుండీలావిడ నేర్పిస్తానంది."

ఆ గొంతులో ఏడుపు లేదు. ఉంటే తల్లికి అంత భయం వేసేది కాదు.

వాళ్ళది ఒకటే గది. తలుపు తీస్తే నేరుగా వీధే. గోడకు పైన ఉన్న చిన్న కిటికీలోంచి వచ్చే వెలుతురు సూది మీద పడాలి కాబట్టి మిషను ఆ గోడకే ఎదురుగా ఉంటుంది. తల్లి పొద్దంతా గోడవైపు తిరిగే కూర్చుంటుంది. బడిపిల్లల యూనిఫారాల కాలర్లు, జేబులు, నడుంపట్టీలు ఆమె పని. కత్తిరించిన ముక్కలు ఎడమవైపు నుంచి వస్తాయి, కుట్టినవి కుడివైపు కుప్పగా పడతాయి. వాటికి గుండీలు కుట్టడానికి రోజూ గుండీలావిడ వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. ఆమె చేతికంటే నోరు చురుకు. కూతురు తల్లి వెనక, చాప మీద కూర్చుని పైకి చదువుతుంది.

పైకి చదవడం తల్లి పెట్టిన నియమం. పని వదిలి వెనక్కి తిరిగి చూసే తీరిక ఆమెకు లేదు. గొంతు వినబడితే పిల్ల చదువుతున్నట్టు, ఆగితే ఆగినట్టు. గొంతు ఆగిన మరుక్షణం మిషను తొక్కుడుపలక మీద తల్లి పాదం ఆగేది. పాదం ఆగగానే గొంతు మళ్ళీ మొదలయ్యేది. ఏళ్ళ తరబడి ఇలా సాగగా ఆ రెండు చప్పుళ్ళూ ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. కాలరు మూల తిప్పే చోట తల్లి పాదం నెమ్మదించేది. అక్కడే కూతురి గొంతూ నెమ్మదించేది. వీధిలో పోయేవాళ్ళు, "పాపం, ఎంత చదువుతుందో!" అనుకుంటూ వెళ్ళేవారు.

ఆదివారం పిల్ల మేనత్త వచ్చింది. తండ్రికి అక్క. తండ్రి లారీ మీద ఉన్నాడు, వారం దాకా రాడు. ఆమె ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. ఇప్పుడు తన కంటికే శుక్లం తీయించుకుని, మళ్ళీ డాక్టరుకు చూపించుకునేదాకా దగ్గరలో ఉండాలని తమ్ముడింటికి చేరింది. కంటి మీద నల్ల మూత. చదవకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు.

"మరేం చేయొచ్చన్నారు వదినా?" అంది తల్లి.

"వినొచ్చట" అంది ఆమె, మంచం మీద వెల్లకిలా పడుకుంటూ.

సోమవారం సాయంత్రం ఆమె విన్నది. పిల్ల సైన్సు పాఠం అందుకుంది. జేబు మూత కుడుతున్న తల్లి పాదం ఆ గొంతుతోపాటే నడుస్తోంది.

"...వేర్లు పీల్చుకున్న నీరు కాండం గుండా పైకి ప్రయాణించి, చివరకు సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఎండ వేడికి..."

"ఆగవే. ఎక్కడ కలుస్తుందన్నావు?"

పిల్ల ఆగింది. పాదం ఆగబోయింది. జవాబు మిషను దగ్గర నుంచి వచ్చింది.

"సముద్రంలో వదినా. సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఎండ వేడికి ఆవిరై మేఘాలుగా మారుతుంది" అంది తల్లి, గోడవైపు నుంచి చూపు తిప్పకుండానే, కుట్టు తెగకుండానే.

గుమ్మంలో గుండీలావిడ పకపకా నవ్వింది. "మా అక్కను కూర్చోబెట్టండి నర్సమ్మ గారూ పరీక్షకి! పుస్తకమంతా అప్పజెబుతుంది. నాకే సగం వచ్చేసింది."

"మొక్కలో పైకెక్కిన నీళ్ళు సముద్రంలో ఎలా కలుస్తాయే?" అంది మేనత్త.

"పుస్తకంలో అలాగే ఉందత్తా. పరీక్షలోనూ అదే రాశాను. అందరూ నవ్వారు. అప్పటినుంచి నన్ను సముద్రం అంటున్నారు."

"ఎందుకు నవ్వారో అడగలేదా?"

"నాకు చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలింది కదత్తా" అంది పిల్ల, తెలియనివాళ్ళకు విడమరిచి చెబుతున్నట్టు. "మెట్ల మీంచి పడ్డాను. అందుకని అందరికీ తెలిసేవి నాకు తెలియవు."

మిషను ఒక్కసారిగా వేగం అందుకుంది. జేబు దాటి, గుడ్డ దాటి, సూది ఉత్త గాలిలో కొంతసేపు కుట్టింది.

పిల్ల నీళ్ళకు వెళ్ళినప్పుడు మేనత్త మెల్లగా అడిగింది. "ఎప్పుడు పడింది అమ్మాయ్? తమ్ముడు నాతో ఎన్నడూ అనలేదే."

తల్లి సూదిలోంచి జారిన దారాన్ని మళ్ళీ ఎక్కిస్తోంది. కొస తడిపి, నలిపి, మళ్ళీ తడిపింది. "పోయినేడు వరకూ రోజూ బెత్తం దెబ్బలు తిని వచ్చేది వదినా. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ, పుట్టాక బెత్తం ఆగింది. ఉండనివ్వండి."

గుమ్మంలో గుండీలావిడ సూది వెతుక్కోవడానికి అన్నట్టు తల బాగా కిందికి వంచింది.

"బెత్తం ఒక్కటే ఆగిందా?" అంది మేనత్త.

వార్డులో ఒక పద్ధతి ఉందని మేనత్త పిల్లకు చెప్పింది. ఒక నర్సు దిగిపోతూ ఇంకో నర్సుకు పని అప్పగించాలి. తన కింద పనిచేసే కొత్తపిల్లల చేత ముందు కాగితం మూయించేది తను. రోగి ఎవరు, ఏమైంది, ఇప్పుడెలా ఉంది, ఇంకా తెలియనిదేమిటి, ఇవి సొంత మాటల్లో చెప్పాలి. ఆ తర్వాతే కాగితం తీసి సరిచూసుకోవాలి. "చివరిది మరిచిపోయేవాళ్ళు. తెలియనిది తెలియదని చెప్పకపోతే, వచ్చినావిడ అన్నీ తెలుసనుకుని కూర్చుంటుంది. అక్కడే ప్రమాదం ముంచుకొస్తుంది. నాకు కన్ను లేదు, పుస్తకం చూడలేను. ఆ మొక్కను నాకు అప్పగించు."

పిల్ల గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకుని, కత్తిరింపుల్లో మిగిలిన ఖాకీ కాగితం మీద మొక్క గీయడం మొదలుపెట్టింది. తల్లి చూడలేదు, విన్నది. వేర్లు గీస్తున్నప్పుడు సుద్ద పొట్టిపొట్టిగా గీరుకుంది. కాండం దగ్గర పొడుగ్గా సాగింది. అక్కడ ఆగిపోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తొక్కుడుపలక మీద ఆమె పాదం తనంతట తానే ఆగింది. అయినా గొంతు మొదలు కాలేదు.

తర్వాత పేజీ తిప్పిన చప్పుడు. వెనక్కి తిప్పిన చప్పుడు. మళ్ళీ ముందుకు.

"అత్తా, ముప్పై రెండో పేజీ తర్వాత నలభై తొమ్మిది ఉంది."

తల్లి వెనక్కి తిరిగింది. పుస్తకం పాతపుస్తకాల కొట్లో తానే కొన్నది. చేతిలోకి తీసుకుని కుట్టు దగ్గర విప్పి చూసింది. చిరుగు లేదు, ఊడిన దారం లేదు. కుట్టినవాడు మధ్యలో ఒక దొంతర పెట్టడం మరిచి శుభ్రంగా కుట్టేశాడు. ముప్పై రెండో పేజీ "చివరకు" అని ముగుస్తోంది. నలభై తొమ్మిది "సముద్రంలో కలుస్తుంది" అని మొదలవుతోంది. మొదటిది మొక్కల పాఠం, రెండోది వానల పాఠం. ఆ అతుకు మీదుగా ఆమె ఎన్ని కాలర్లు కుట్టిందో ఆమెకే తెలియదు.

"అయితే తప్పంతా పుస్తకానిదేనన్నమాట!" అంది గుండీలావిడ, తనకేదో పెద్ద ఊరట కలిగినట్టు.

"కొంత పుస్తకానిది" అంది మేనత్త.

"మరి నీళ్ళు నిజంగా ఎక్కడికి పోతాయత్తా?" అంది పిల్ల.

చెప్పడానికి మేనత్త నోరు తెరిచి, మూసుకుంది. "రేపు చూద్దాం."

మంగళవారం పొద్దున కుట్టిన చొక్కాలు పెట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి ఒకటి మేనత్తా పిల్లా తల్లిని అడిగి తీసుకున్నారు. గుమ్మం పక్కన రంగుడబ్బాలో పెరుగుతున్న మొక్కకు ఒక కొమ్మ మీద దాన్ని తొడిగి, మూతికి తల్లి చేత దారంతో ముడి వేయించారు. ఆకులకు తడి లేకుండా పిల్ల ముందే తుడిచింది. తల్లికి ఇదంతా ఆటలా కనిపించింది. శుక్రవారం దగ్గరపడుతోంది.

ఆ సాయంత్రం బడి నుంచి రాగానే పిల్ల ఒక పేజీ లోపల్లోపలే చదివి, పుస్తకం మూసి, గోడకేసి చూస్తూ కూర్చుంది. మేనత్త కదలకుండా పడుకుంది. గదిలో మిషను చప్పుడు తప్ప మరేదీ లేదు. తల్లికి వీపు మీద ఏదో పాకుతున్నట్టుగా ఉంది. తోడు చప్పుడు లేక పాదం తడబడింది. రెండు జేబులు కుట్టాక చూసుకుంటే ఒకటి తలకిందులుగా ఉంది.

"ఏమే, నోరు పడిపోయిందా?"

"చదువుతున్నానమ్మా."

"వినబడదేం మరి?"

"మూలిగేవాడి దగ్గరికే ముందు పరిగెత్తేదాన్ని నేను కూడా, ఉద్యోగం కొత్తలో" అంది మేనత్త. "చప్పుడు చేయనివాణ్ణి పడుకున్నాడనుకునేదాన్ని."

తల్లి కత్తెరను బల్ల మీద గట్టిగా పెట్టింది. "మీకేం వదినా! కంటిమూత తీయగానే వెళ్ళిపోతారు. శుక్రవారం తర్వాత దీన్ని చూసుకోవలసింది నేను. చదవడం మానేసి కలలు కంటూ కూర్చుంటే, అది చదువని మీరంటే నేనెలా నమ్మను? మీరు వినగలరు సరే. దాని బుర్రలో ఏం జరుగుతోందో మీకు మాత్రం ఏం తెలుసు?"

మేనత్త లేచి కూర్చుంది. కోపం వచ్చిందేమోననుకుంది పిల్ల.

"నిజమే. నాకూ తెలియదు" అంది మేనత్త. "అందుకే దాన్ని చెప్పమంటున్నాను. గురువారం దాకా చూద్దాం. నిలవకపోతే నీ పద్ధతే నీది. నేను అడ్డు రాను."

తల్లి తలకిందుల జేబు కుట్టు విప్పసాగింది. ఒక్కో పోగునూ సూదిమొనతో లేపి తెంపుతోంది. ఆ పనికి చప్పుడుండదు. వెనక పిల్ల ఏదో గొణిగి, "కాదు, కాదు" అని తనను తానే ఆపుకుని, పుస్తకం తెరిచి చూసుకుని, మళ్ళీ మూయడం తల్లి విన్నది. చదువు అలా తన్ను తాను దిద్దుకోవడం ఆ గదిలో అంతకుముందెన్నడూ ఆమె వినలేదు.

బుధవారం మధ్యాహ్నం గుండీలావిడ గుమ్మంలోంచి కేక పెట్టింది. సంచి లోపలంతా చెమట పట్టినట్టు నీటిచుక్కలు. మూలలో ఒక చెంచాడు నీరు చేరింది. తల్లి మిషను వదిలి వచ్చి, సంచిని వేలితో తట్టింది. చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి జారాయి.

"ఎవరైనా పోశారేమో" అంది.

"దారం నువ్వు కట్టిన ముడే కదక్కా, విప్పితే తెలియదా?" అంది గుండీలావిడ. ముడి అలాగే ఉంది.

ఆ సాయంత్రం మేనత్త ఆసుపత్రికి వెళ్ళింది. వరసలో ఆలస్యమైనట్టుంది, పొద్దు వాలుతున్నా రాలేదు. పిల్ల చాప మీద కాసేపు అటూ ఇటూ కదిలింది.

"అమ్మా, అత్త లేదు. నీకు అప్పగించనా?"

"నాకేం తెలుసే?"

"తెలియకపోతేనే మంచిదట."

తల్లి పాదం ఆపింది. కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పుకుంది. ఆ కుర్చీ అలా తిరగడం పిల్లకు కొత్త. మొదట మాట తడబడింది. తర్వాత వేళ్ళు చూపిస్తూ చెప్పసాగింది. వేర్లలోంచి నీరు కాండంలోకి వస్తుంది. అక్కడ సన్నని గొట్టాల్లాంటివి ఉంటాయి. వాటిలోంచి ఆకుల దాకా పోతుంది. ఆకుల అడుగున కంటికి కనబడని రంధ్రాలుంటాయి. అందులోంచి ఆవిరిగా బయటికి పోతుంది. మనం సంచిలో చూసింది అదే. కొంత తన క్లాసు పిల్ల పుస్తకంలో చూసి వచ్చింది, కొంత సంచిలో చూసింది. ఏది ఎక్కడిదో కూడా విడదీసి చెప్పింది.

తల్లికి ఏదో అడగాలనిపించింది. కూతురిని చదువు గురించి ఇంతవరకూ "చదివావా?" అని తప్ప ఆమె ఏమీ అడగలేదు.

"అంత పైకి ఎక్కించేదెవరే? దానికి మోటారు లేదు కదా."

పిల్ల ఆలోచించింది. "అది నాకు ఇంకా తెలియదమ్మా. రేపు అడిగి చెబుతాను."

తెలియదనే మాట ఆ పిల్ల నోట తల్లి చాలాసార్లు విన్నది. ప్రతిసారీ తల వంచుకుని, చేయి వెనక దాచుకుని చెప్పేది. ఇప్పుడు తల ఎత్తే చెప్పింది. తల్లి మళ్ళీ గోడవైపు తిరిగింది గానీ, దారం ఎక్కించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

శుక్రవారం మాస్టారు కాగితం సిద్ధంగా ఉంచారు. రాసింది రెండు వాక్యాలే. కింద సంతకానికి చోటు వదిలారు. కలం మూత తీసి ఆమె ముందు పెట్టారు.

"ఆలోచించారా? నన్నడిగితే సంతకమే మంచిదమ్మా. పిల్లను ఇంకోసారి నవ్వులపాలు చేయడం దేనికి? వారంలో ఏం మారుతుంది?"

కూతురు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తల్లి కలం అందుకుంది. కాగితం మీద తన కూతురి పేరు, దాని పక్కనే దెబ్బ అనే మాట. రెండూ ఒకే కుట్టులో ఉన్నాయి. విప్పాలంటే ఇక ఎన్ని ఏళ్ళు పడుతుందో. ఆమె కలానికి మూత పెట్టింది.

"పరీక్ష రాయించండి సార్."

"తప్పితే మళ్ళీ..."

"తెలుసు సార్. రాయించండి."

పిల్లను లోపల కూర్చోబెట్టి ఆమెను బయట బల్ల మీద కూర్చోమన్నారు. తలుపు దగ్గరగా వేశారు. ఆమె చెవి అలవాటు కొద్దీ ఆ తలుపు వైపే ఉంది. లోపల ఏమీ వినబడలేదు. పాదం నేల మీద రెండుమూడు సార్లు తొక్కబోయి ఆగింది. వరండాలో తరగతులు మారాయి, గంటలు మోగాయి, ఎవరో పిల్లలు గుంపుగా పాఠం వల్లించారు. తన తలుపు వెనక నుంచి మాత్రం ఏ చప్పుడూ లేదు. ఆమె ఆ నిశ్శబ్దాన్ని మొదటిసారి అలాగే వదిలేసి కూర్చుంది.

మాస్టారు ఆమె ముందే దిద్దారు. ఎర్రకలం కొన్నిచోట్ల ఆగింది, కొన్నిచోట్ల కొట్టేసింది. ఒక ప్రశ్న కింద పిల్ల, "ఇది నాకు ఇంకా తెలియదు" అని రాసింది. దానికి సున్నా వేయబోతూ ఆయన కాసేపు ఆ వాక్యాన్నే చూశారు. సున్నాయే వేశారు. చివర కూడి, మళ్ళీ కూడారు.

"పదిహేడు" అన్నారు. "గట్టెక్కింది."

పిల్ల తన పుస్తకం తీసి ముప్పై రెండో పేజీ ఆయన ముందు తెరిచి పెట్టింది. ఆయన చదువుతూ చదువుతూ పక్క పేజీలోకి వెళ్ళారు. పెదవుల మీదికి వచ్చిన నవ్వు మధ్యలోనే ఆగింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది చదివి... నువ్వు చదివింది చదివినట్టు రాశావన్నమాట. ఒక్క అక్షరం పోకుండా."

"అవును సార్."

"నేను పుస్తకం అడగలేదు. దెబ్బ తగిలిన పిల్ల కదా అనుకున్నాను." ఆయన తల్లివైపు తిరిగారు. ఆ ముఖంలో నిజమైన సంతోషమే ఉంది. "చూశారా అమ్మా! పసితనంలో మెట్ల మీంచి పడి అంత దెబ్బ తిన్న పిల్ల ఇవాళ తన కాళ్ళ మీద తాను నిలబడింది. సోమవారం బడి మొదలయ్యే ముందు అందరి ఎదుటా చెబుతాను. మిగతా పిల్లలకు అదొక ఆదర్శం."

పిల్ల తన తల్లి ముఖంలోకి చూసింది. పిల్ల కళ్ళలో గర్వమూ ఉంది, దాని అడుగున పాత నమ్మకమూ ఉంది. ఆయన అన్న రెండూ ఆ పిల్ల నమ్మింది.

"ఆ మాట చెప్పకండి సార్" అంది తల్లి.

"తప్పేముందమ్మా? అందరికీ తెలిసిందే కదా."

ఆమె లేచి నిలబడింది. మాట్లాడింది మాస్టారితోనే గానీ, చూపు మాత్రం కూతురి మీది నుంచి తీయలేదు.

"అది పుట్టింది ఇప్పుడున్న గదిలోనే, పెరిగిందీ ఆ గదిలోనే. తలుపు తీస్తే వీధే సార్. మా ఇంటికి మెట్లు లేవు."